మా గట్టులో రెండుతలల పాము ఉంది, గురువారం జేసీబీ వస్తోంది. ఏం చేయాలి?

చేనుగట్టు:

అందరికీ నమస్కారం. రెండేండ్లుగా ఇక్కడ చదువుతానే ఉన్నా గానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఐదెకరాల ఎర్రనేల, అంతా వానాధారం. తాతల కాలం నుంచీ చెనిక్కాయే. మూడేండ్లుగా విత్తనం డబ్బులు కూడా తిరిగి రాకపోయేసరికి మా నాయన ఈసారి బోరు వేయించి చీనీ (బత్తాయి) మొక్కలు పెట్టాలని పట్టుబట్టినాడు. బోరులో రెండించుల నీళ్లు పడినాయి, ఇంగ ఆయన్ని ఆపేవాళ్లు లేరు. చేను నడిమధ్యన పాత రాళ్లగట్టు ఒకటుంది. మా జేజినాయన చేన్లో ఏరి పేర్చిన రాళ్లవి. దాని పొడుగునా కిత్తనార, ఒక కొసన కూలిపోయిన పుట్ట. డ్రిప్పు పైపులకు అడ్డమొస్తుందని ఆ గట్టంతా పెరికేసి చేను సాపు చేయడానికి జేసీబీ మాట్లాడినాడు.

పోయిన ఆదివారం పొద్దున నేనూ మా అమ్మా గట్టు పక్కన గడ్డి కోస్తా ఉన్నాం. కొడవలికి అడ్డమొచ్చిన రాయి ఒకటి కాలితో జరిపితే కింద ఏదో సైకిల్ ట్యూబు ముక్కలాగా కనపడింది. ఇటుక రంగు, నున్నగా, మా నాయన మణికట్టంత లావు. సాపితే రెండున్నర అడుగులుండచ్చు. ఉరికిపోలేదు, బుస కొట్టలేదు. అమ్మ కొడవలి ఎత్తింది, నేను చెయ్యి పట్టుకున్నా. అప్పుడది మెల్లగా చుట్ట చుట్టుకుని ఒక కొసను పైకి లేపింది. అదే తలకాయనుకుని నేను నాలుగడుగులు ఎనక్కి పోయినా. కాసేపు కదలకుండా చూస్తే తెలిసింది, అసలు తల చుట్టల కింద దూర్చి పెట్టుకునింది. మాకు చూపించింది తోక!

మా తమ్ముడు పొద్దెక్కినా లేవకపోతే "మన్ను తిన్న పాములాగా పడున్నాడు" అని నాయన రోజూ తిడతాడు. ఆ మన్ను తిన్న పాము ఇదేనంట, నాకు ఆ రోజే తెలిసింది.

అమ్మ సాయంత్రం నీళ్ల ట్యాంకు దగ్గర నోరు జారింది. రాత్రి అన్నాలు తినకముందే మా పెద్దనాయన కొడుకు మోటారు సైకిలేసుకుని వచ్చేసినాడు. ఆ అన్న మా ఇంటి గడప తొక్కి ఏడాదైంది, గట్టు తగాదానే. వచ్చీ రాగానే "తూకం ఎంతుంటుంది?" అని అడిగినాడు. రెండున్నర కేజీలు దాటితే కోటి రూపాయలంట, బళ్లారి నుంచి కొనే పార్టీ వస్తుందంట, మందుల కంపెనీలోళ్లు తీసుకుంటారంట. ఆర్నెల్లు ఒక తలతో, ఆర్నెల్లు ఇంకో తలతో నడుస్తుందని కూడా చెప్పినాడు. నాయన ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే నాకు భయమైంది, బోరుకు చేసిన అప్పు ఎంతో నాకు తెలుసు. అమ్మ గోల ఇంకోటి. అది కాలు నాకితే కుష్టు వస్తుందని ఆ పక్కకే పోనంటోంది.

అమ్మేది లేదు, అది మాత్రం ఇంట్లో ఖచ్చితంగా చెప్పేసినా. కానీ గురువారం జేసీబీ వస్తే అది బతుకుతుందా? ముందే ఎవరితోనైనా పట్టించి అడవిలో వదిలిపెట్టిస్తే మేలా? నెట్‌లో చూస్తే ఈ పాములు తగ్గిపోతున్నాయని రాసినారు. మా నాయన మాత్రం "చిన్నప్పుడు చెనిక్కాయ పెరికేటప్పుడు ఏడాదికి రెండో మూడో అగుపడేవి, ఇప్పుడు నీకు తప్ప ఎవరికి కనపడింది?" అన్నాడు. పది పదిహేనేండ్లుగా తానే చూడలేదంట. ఎందుకు పోయినాయో ఆయనకూ తెలీదు. ఫొటో కింద పెడుతున్నా, మా చేను యాడుందో కూడా మ్యాపులో గుర్తు పెట్టినా.

[నిర్వాహకుల గమనిక: ఫొటో, మ్యాపు తీసేశాం. కారణం కింది జవాబుల్లో ఉంది. ఈ పాము కనిపించిన చోటు ఎవరూ బహిరంగంగా రాయొద్దు.]


పొలుసు:

తమ్ముడూ, ముందు ఆ మ్యాపు తీయించినందుకు నిర్వాహకులకు దండం. నేనే వాళ్లకు మెసేజ్ పెట్టిన. అది పది నిమిషాలే ఉన్నా పది నిమిషాలు ఎక్కువే. ఈ పాముల కోసం రాత్రంతా ఫోన్లల్ల వెతికేటోళ్లు ఉన్నరు.

నేను నల్లగొండ దిక్కు. పాములు పట్టి వదిలే పని పద్దెనిమిదేండ్ల సంది చేస్తున్న. నీకు కనపడ్డది రెడ్ శాండ్ బోవా. విషం లేదు, కోరల్లేవు. నాలుక బయటకు తీసేది వాసన పట్టడానికి, అన్ని పాములు చేసేదే. కుష్టు అనేది సూక్ష్మక్రిమితో వచ్చే రోగం, దానికి మందులున్నయి, నయమైతది. పాము నాలుకకు దానికి ఏం సంబంధం లేదు. అమ్మకు నా మాటగా చెప్పు.

రెండు తలల ముచ్చట నువ్వే కనిపెట్టినవు. తోక మొద్దుగా ఉంటది. ఆపదొస్తే తల దాచి తోక ఎత్తుతది. ముంగిసో గద్దనో తోకను కొరికితే ప్రాణం పోదు, అదీ దాని ఉపాయం. నేను పట్టిన పెద్ద పాముల్ల సగానికి పైగా తోక మీద పాత గాట్లున్నయి. ఒకప్పుడు పాములాడించేటోళ్లు ఆ తోకకు వాత పెట్టి కండ్లు, నోరు గీసి జనానికి చూపించేటోళ్లు. అసలు తల గుర్తు పట్టాలంటే మూతి చూడు. మన్ను తవ్వేతందుకు గునపం మొనలెక్క చదునుగా ఉంటది, కండ్లు ఆవగింజలంత. అది మన్ను తినదు, మన్నుల ఉంటది. తినేది ఎలుకల్ని, చుట్టేసి ఊపిరాడకుండ చేసి మింగుతది.

ఇగ ఎందుకు తగ్గినయి అంటవా. అందరికి ముందు గుర్తొచ్చేది దొంగ వ్యాపారమే. పేపర్లల్ల వచ్చిన వార్తలు పోగేసి డబ్ల్యూసీఎస్ ఇండియా అనే సంస్థ లెక్క తీసింది. 2016 నుంచి 2021 మధ్య దేశంల 172 సార్లు దొంగ వ్యాపారం చేసేటోళ్ల కాడ ఈ పాముల్ని పట్టుకున్నరు, మహారాష్ట్రల అన్నిటికంటే ఎక్కువ. ఇది పట్టుబడ్డ లెక్క, అది కూడ పేపర్లకెక్కినంత వరకే. బకెట్లల్ల, డ్రమ్ములల్ల చచ్చిపోయినవాటిని ఎవరు లెక్క పెడ్తరు? ప్రకృతి సంరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాల దీన్ని ముప్పు దగ్గరికి వచ్చిన జాతి కింద పెట్టిన్రు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టుడు, ఇంట్ల పెట్టుకునుడు, అమ్ముడు, కొనుడు అన్నీ నేరాలే. 2022 సవరణల జరిమానాలు ఇంకా పెంచిన్రు. దేశాల మధ్య వ్యాపారం మీద కూడ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధం కింద కట్టడి ఉన్నది. కోటి రూపాయలిచ్చే మందుల కంపెనీ లోకంల యాడ లేదు. మీ అన్న నీతోటి అబద్ధం చెప్పిండని అంటలేను, ఆయనకు ఎవడో చెప్పిండు, వానికి ఇంకెవడో చెప్పిండు. ఆ గొలుసుల ఆఖరి మనిషిని నేను ఇంతవరకు చూడలే.

కానీ నీ చేను సంగతికి వస్తే వ్యాపారం కంటే జేసీబీనే పెద్దది. చెప్తే నవ్వుతరు గాని ఈ పాముకు కావాల్సింది అడవి కాదు. నువ్వు చెప్పిన గట్టే దాని ఇల్లు. మెత్తని ఎర్రమన్ను, రాళ్ల సందులు, ఎలుక బొరియలు, దున్నని జాగ. మెట్టచేన్లల్ల అవి గట్ల మీదనే మిగిలినయి. నాగలి నాలుగైదు అంగుళాలు గీరేది, రోటవేటర్ ఏమో పైనున్న మన్నునంత పిండి చేస్తది. నిరుడు ఒక్క వానాకాలంల నాకు రోటవేటర్‌ల ముక్కలైన శాండ్ బోవాలు మూడు చూపించిన్రు. రోడ్ల మీద ఇంకో కథ. రాత్రి తారు వెచ్చగ ఉంటదని వచ్చి పండుకుంటయి, లారీ వస్తున్నా ఉరకవు. ఉరికే పామైతే తప్పించుకుంటది, ఇది మీ తమ్ముని లెక్కనే.

పట్టి అడవిల వదలాల్నా అని అడిగినవు. వద్దు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. మొదటి ఆరేడేండ్లు నేను పట్టిన ప్రతి పామును సంచిల వేసుకుని నలభై కిలోమీటర్లు పోయి రిజర్వు ఫారెస్టుల వదిలి, ఫొటో దిగి వచ్చేటోణ్ణి. పుణ్యం చేసిన్నని ఖుషీ. ఆ అడవిల నేలంత బండలు, ఆకుల చెత్త. ఇసుక మన్నుల బతికే జీవి అక్కడ యాడ దూరాలె? తెలవని చోట వదిలితే పాము కుదురుగా ఉండదు, తన జాగ కోసం తిరుగుతనే ఉంటది. తిరిగేటప్పుడే గద్దల నోట్ల, బండి చక్రాల కింద పడ్తది. ఇప్పుడు నేను పట్టినా రెండు మూడు వందల గజాలు దాటియ్య.

నీకు ఇంకా ఐదు రోజులున్నయి. గట్టు మొత్తం తీయకుండ ఆ పుట్ట ఉన్న కొసన ఇరవై ముప్పై అడుగులు వదిలితే మీ నాయనకు ఎన్ని మొక్కలు తక్కువైతయో లెక్క కట్టు. మిగతా గట్టు రాళ్లు చేతులతోని తీయిండ్రి, అటు కొస నుంచి ఇటు కొసకు, రోజుకింత. తీసిన రాళ్లు ఆ పుట్ట దగ్గరనే కుప్ప పోయండి. పాము పగలు లోపల ఉంటది, పొద్దు గూకినంక కదుల్తది. ఒక దిక్కు నుంచి అలికిడి పెరుగుతుంటే అదే రెండో దిక్కుకు జరుగుతది. గురువారం జేసీబీ వచ్చేసరికి అది తగలాల్సింది ఉత్త మట్టికి. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ముందే చెప్పి పెట్టు. పట్టి తీసుకపొమ్మని కాదు, మా చేన్ల ఉన్నది, ఎవరో కొంటమని తిరుగుతున్నరు అని. ఆ మాట మీ అన్న చెవిన పడితే చాలు.


పేరొద్దు:

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. చేనుగట్టు ఇంట్లో వాళ్ల నాన్న మాట్లాడకుండా కూర్చున్నాడని చదివాక ఉండలేకపోయాను. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను.

తొమ్మిదేళ్ల కింద. పత్తిలో మునిగాను. కూతురి పెళ్లి నెత్తి మీదుంది. మా బావమరిది ఒక మధ్యవర్తిని తీసుకొచ్చాడు. గొర్రెల కాపరి దగ్గర రెండుతలల పాము ఉంది, ఇరవై వేలకు ఇస్తాడు, మనం తూకం పెంచితే చాలు అన్నాడు. అంతకుముందు అదే మనిషి బియ్యాన్ని లాగే మహిమ గల రాగి చెంబు కోట్లు పలుకుతుందని కూడా చెప్పాడు. అది నమ్మలేదు. చెంబును నమ్మనివాణ్ణి పామును ఎలా నమ్మానో ఇప్పటికీ అర్థం కాదు. బహుశా పాము కళ్ల ముందు కదులుతోంది కాబట్టి.

కొన్నప్పుడు కిలో ఎనభై గ్రాములు. బంగారం కొట్టు తూకం తెచ్చి తూచాం. పశువుల కొట్టంలో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, అడుగున ఇసుక, పైన జల్లెడ. ఎలుకలు వేశాం, ముట్టలేదు. పదిహేను రోజులు చూసి, అతను చెప్పినట్టే గొట్టంతో కోడిగుడ్డు సొన పోశాం. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు నోరు తెరవాలి. నోరు తెరిచే పని నాది. అది కరవలేదు. ఒక్కసారి కూడా కరవలేదు. నెల తిరిగేసరికి నోటి అంచులు పుండ్లు పడి తెల్లగా చీము పట్టాయి.

కానీ తూకం పెరిగింది. కిలో రెండు వందలు. మేం ఎంత సంబరపడ్డామంటే ఆ రోజు ఇంట్లో పాయసం చేయించాను. మధ్యవర్తి వచ్చి చూసి, పార్టీ తరఫున "టెస్టింగ్" మనిషి వస్తాడు, అతని ఖర్చులకు నలభై వేలు మీరే పెట్టుకోవాలి అన్నాడు. ఇచ్చాను. టెస్టింగ్ మనిషి తెల్లకోటు వేసుకుని కారులో వచ్చాడు, అద్దం పెట్టి చూశాడు, టార్చి వేసి చూశాడు, పొలుసులు లెక్కపెట్టినట్టు నటించాడు. ఇంకో మూడొందల గ్రాములు కావాలన్నాడు. లోపల సీసం గుండ్లు పెట్టేవాళ్లున్నారని మధ్యవర్తి గుసగుసగా చెప్పాడు. అది మాత్రం నా వల్ల కాదన్నాను. అదేదో గొప్పతనంగా చెప్పడం లేదు. చచ్చిపోతే డబ్బు పోతుందని భయం, అంతే.

మృగశిర కార్తె పెట్టిన రెండో రోజో మూడో రోజో, తెల్లారి జల్లెడ తీస్తే డ్రమ్ములో పిల్లలు. ఏడు. పెన్సిలంత లావు, తల్లికంటే ఎర్రగా, తోకల మీద నల్లటి పట్టీలు. నాలుగు కదులుతున్నాయి, మూడు కదలడం లేదు. ఇది గుడ్లు పెట్టదనీ పిల్లల్ని కంటుందనీ నాకు అప్పటిదాకా తెలియదు. మేం పాయసం చేసుకున్న ఆ బరువు ఈ పిల్లలదే. అది ఎలుకల్ని ముట్టనిది కూడా అందుకేనేమో.

మళ్లీ తూచాం. తొమ్మిది వందల చిల్లర. మధ్యవర్తికి ఫోన్ చేస్తే "తేలికైపోయిందా, అయితే పార్టీ తీసుకోడు" అని పెట్టేశాడు. తర్వాత ఆ నంబర్ పనిచేయలేదు. తల్లి ఇంకో వారం బతికింది. కదిలే నాలుగు పిల్లల్ని మా బావమరిది చెరువుగట్టున వదిలానన్నాడు. వదిలాడో, ఇంకెవరికైనా ఇచ్చాడో నేను అడగలేదు.

పామును పట్టినందుకు పోలీసులు రాలేదు, కేసు కాలేదు. అరవై వేలు పోయాయి. కూతురి పెళ్లి ఎకరం అమ్మి చేశాను. చేనుగట్టూ, మీ నాన్నకు ఇది చదివి వినిపించు. నాకు ఇందులో పోయే పరువేమీ లేదు, పేరు లేదు కదా.


పొలుసు:

పెద్దాయనా, రాసినందుకు మంచిది. చదివినంక చాలాసేపు ఏం రాయబుద్ది కాలే.

మీరు చెప్పినదాంట్ల ఒక ముచ్చట అందరికి అర్థం కావాలె. ఈ జాతిల ఆడపాములే పెద్దగ పెరుగుతయి. మగవి చిన్నవి. బరువున్న పామే కావాలని గొలుసు మొత్తం తిరుగుతున్నదంటే వాళ్లు ఏరి ఏరి పట్టేది పెద్ద ఆడపాముల్ని, అండ్ల కడుపుతోని ఉన్నవాటిని. పది చిన్నవి పోతే ఒక తీరు. ఈనే తల్లులే పోతే ఆ చేన్లల్ల మల్ల ఏం మిగుల్తది? నేను ఇన్నేండ్లల్ల వదిలినవాటిల కిలో దాటినవి రెండే. రెండున్నర కిలోలు అడిగేది దొరకదని తెలిసే. దొరకనంత సేపు ఖర్చులకని గుంజవచ్చు.


చేనుగట్టు:

ఇద్దరికీ చేతులెత్తి మొక్కుతున్నా. పొలుసన్నా, నేను తమ్ముణ్ణి కాదు, చెల్లెల్ని. పేరులో తెలియలేదు కదా, పర్వాలేదు.

పేరొద్దు గారూ, మీరు రాసింది నాయనకు రాత్రి చదివి వినిపించినా. పిల్లలు పుట్టిన కాడికి వచ్చేసరికి అమ్మ "చాలు ఆపు" అని లేచి పోయింది. నాయన చివరిదాకా విన్నాడు. "అరవై వేలా?" అని ఒక్క మాట అడిగి పండుకున్నాడు.


సాగరతీరం:

పెద్ద విషయాల మధ్య చిన్న సంగతి చెప్పొచ్చా? మాది విశాఖపట్నం. "రెండుతలల పాము" అనే పేరు మీద నాకు చాలాకాలంగా ఒక ఆసక్తి.

పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781లో మా విశాఖకు వచ్చాడు, ఈస్టిండియా కంపెనీ తరఫున ఇక్కడి మొక్కలూ పాములూ పరిశీలించాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం అచ్చయింది. రక్తపింజరను ఇంగ్లీషువాళ్లు ఈయన పేరుతోనే పిలుస్తారు. ఆయనలో నాకు నచ్చేదేమిటంటే, పాముల పేర్లు ఇక్కడి మనుషుల్ని అడిగి, వాళ్లు పలికింది పలికినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో ఒక బొమ్మ కింద "రొండూ తలూలూ పామ్" అని ఉంది. మన రెండు తలల పామే అనుకుంటాం కదా? కాదు! ఆ బొమ్మలోది వానపాములా ఉండే గుడ్డిపాము. స్నానాల గదుల్లో, పూలకుండీల్లో కనిపించే నల్లటి దారం లాంటిది. చేనుగట్టు గారి గట్టులో ఉన్న పామును రస్సెల్ 1801లో వర్ణించాడు, దాని శాస్త్రీయ నామం ఎరిక్స్ జానీ. తమిళనాడులోని తరంగంబాడిలో ఉన్న జాన్ అనే మిషనరీ పేరు మీద పెట్టాడు.

ఒకే పేరున్న ఈ రెండు పాముల రాత చూడండి. గుడ్డిపాములో మగవి ఇంతవరకు కనిపించలేదు. ఆడది ఒక్కటే, మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. పూలకుండీల మట్టిలో దాక్కుని ఓడలెక్కి ప్రపంచమంతా పాకింది. దాన్ని ఎవరూ తూచరు, ఎవరూ కొనరు. రెండోదానికి మగతోడు కావాలి, ఎర్రమన్ను కావాలి, గట్టు కావాలి. పైగా కోటి రూపాయల పుకారు నెత్తిన మోయాలి.


మెట్టరైతు:

అందరూ బాగానే చెబుతున్నారు. ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. చీనీ మొక్క మొదటి కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. ఆ పిల్ల నాన్న అప్పు చేసి బోరు వేశాడు. ముప్పై అడుగుల గట్టు వదలమని ఎవరైనా చెప్పగలరు, వదిలినవాడికి ఏం ఇస్తున్నారు? పులి ఆవును చంపితే పరిహారం ఉంది. పాముకు గట్టు వదిలితే? పైగా కూలీలతో రాళ్లు ఎత్తించమంటున్నారు. ఐదు రోజుల కూలి ఎంతవుతుందో పొలుసు గారికి తెలుసా?


పొలుసు:

తెలుసు అన్నా. మాది కూడ మూడెకరాల మెట్ట. మీరు అన్నది నిజం, గట్టు వదిలినోనికి సర్కారు రూపాయి ఇయ్యదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఆ పిల్ల చేన్ల మొన్నటిదాక చెనిక్కాయ ఉండె. కాయ ఊరంగనే ఎలుకలు బొరియల్లకు ఎంత లాగుతయో మీకు చెప్పాల్నా? చీనీ పెట్టినా ఎలుకలు యాడికి పోవు, డ్రిప్పు పైపులు కొరుకుతయి. బొరియ లోపలికి దూరి ఎలుకను, దాని పిల్లల్ని తినేది ఈ పాము. పిల్లి బొరియల దూరదు, గద్ద దూరదు. ఎలుకల మందు పెడ్తే ఇంకో చిక్కు, మందు తిని మత్తుగ తిరిగే ఎలుకనే పాముకు సులువుగ దొరుకుతది. గట్టు వదిలితే లాభం ఇంత అని నేను రూపాయల్ల చెప్పలేను. చెప్పినోడు అబద్ధం చెప్తున్నట్టే.

కూలి సంగతి, నేనైతే ఇంటోళ్లు చేసుకుంటరని అనుకున్న. తప్పైతే మన్నించండ్రి.


చేనుగట్టు:

మెట్టరైతన్నా, మీ మీద కోపమేం లేదు. మా నాయన కూడా అచ్చం అదే అడిగినాడు. కూలీలను పెట్టలేదు. నేను, తమ్ముడు, మధ్యలో మా చిన్నమ్మ ఒకరోజు. తమ్ముడు జీవితంలో మొదటిసారి ఐదింటికి లేచినాడు. మన్ను తిన్న పాము పేరు వాడికింగ పనికిరాదు.

ఏమైందో చెప్పకుండా పోతే బాగుండదని రాస్తున్నా. జేసీబీ గురువారం రాలేదు, వేరే చోట పని తగిలి శనివారం వచ్చింది. ఆ రెండు రోజులు కలిసొచ్చినాయి. పడమటి కొస నుంచి రాళ్లు తీస్తా వచ్చినాం. దారిలో తేళ్లు చాలా, ఒక కట్లపాము, ఎలుక పిల్లలు. రెండుతలల పాము ఎక్కడా అగుపడలేదు. నాయన మూడో రోజు టేపు పట్టుకుని వచ్చి పుట్ట దగ్గర నుంచి కొలిచి, కిత్తనారకు ఎర్ర గుడ్డ కట్టినాడు. ఇరవై ఆరడుగులు. "ఇంతకు మించి అడగొద్దు" అన్నాడు. మూడు మొక్కలు తగ్గుతాయంట. పైపు చుట్టు తిప్పి వేసుకోవాల, దానికి ఖర్చు వేరే.

బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసినా. మొదట "పామేనా, ఎవరినైనా కరిచిందా?" అని అడిగినాడు. కొనడానికి బళ్లారి నుంచి మనుషులు వస్తారంట అనే మాట చెప్పినాక మాత్రం మరుసటి రోజే వచ్చి, మా ఇంటి ముందర కాకుండా మా పెద్దనాయన ఇంటి అరుగు మీద కూర్చుని నీళ్లు అడిగి తాగి పోయినాడు. నేనేమీ ఆ ఇల్లు చూపించలేదు, దారిలో అదే ముందొస్తుంది.

అయినా శుక్రవారం రాత్రి కుక్కలు అరిస్తే నాయన పోయి చూసినాడు. గట్టు దగ్గర ఎవరో ఇద్దరు టార్చిలతో రాళ్లు తిరగేస్తా ఉన్నారంట. కేకేస్తే పరిగెత్తినారు. ఎవరో గుర్తుపట్టలేదు అంటాడు. గుర్తుపట్టినాడని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. మా అన్న ఇప్పుడు మళ్లీ మాతో మాట్లాడటం లేదు.

ఆ తర్వాత వారం రోజులు అది ఉందో, వాళ్లు పట్టుకుపోయినారో తెలియక నిద్రపట్టలేదు. నిన్న వాన పడినాక మొక్కలకు గుంతలు చూడ్డానికి పోతే, ఎర్ర గుడ్డ కట్టిన కిత్తనార కింద, ఎలుక బొరియ నోట్లో కుబుసం ముక్క ఇరుక్కుని ఉంది. జానెడు పొడుగు, తోక వైపుది, మొద్దుగా ఉంది. ఫొటో తీసినా. ఇక్కడ పెట్టను.